తెల్ల పడవలో రెండో తీగ

పడవల అడుగు తోమే డైవర్ శవం తెల్లారేసరికి జెట్టీ కింద రెండు గుంజల మధ్య ఇరుక్కుని కనిపించింది. ఒంటి మీద సూట్ ఉంది, కళ్ళజోడు ఉంది. గాలి గొట్టాన్ని మాత్రం ఎవరో కత్తితో కోసేశారు. నిజానికి అతను డైవర్ కాదు, డిపార్ట్‌మెంట్ మనిషి. రేడియోలో అతను పంపిన ఆఖరి మాటను చీఫ్ రెండుసార్లు వినిపించి టేప్ ఆపాడు.

"తెల్ల పడవ కింద ఏమీ లేదు."

"అర్థమైందా?" అడిగాడు చీఫ్.

"అయింది సార్," అన్నాడు పిడుగు. అతనికి అర్థమైందల్లా ఒకటే. డైవర్ చచ్చిపోయాడు, అతని తర్వాత వంతు తనది.

పిడుగు అన్నది కోడ్ నేమ్. ఉరిమితే దుప్పటి ముసుగేసుకునే మనిషికి ఆ పేరు పెట్టింది చీఫే, సరదా కోసం. చేరిన దగ్గర్నుంచి అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇతరుల ఫోన్లు వినడమే తప్ప గుమ్మం దాటి మిషన్‌కు వెళ్ళింది లేదు. వెళ్ళాలన్న ముచ్చటా లేదు. బతికుంటే బలుసాకు తినవచ్చన్నది అతని సిద్ధాంతం.

"నువ్వు ఇక్కడ చేరకముందు పడవలు బాగుచేసేవాడివట కదా?"

"మా బావ షెడ్డులో సార్. బాగుచేసేది ఆయన. నేను స్పానర్లు అందించేవాణ్ణి."

"చాలు. విను. టార్గెట్, రాయబారి. పొరుగు దేశంతో ఒప్పందం మీద రేపు సంతకం పెట్టేది ఆయనే. ఆయన పోతే సంతకం లేదు, సరిహద్దులో మళ్ళీ ఫిరంగులు. ఆ యుద్ధం కావాలని చూస్తున్నది ఒక విదేశీ ముఠా. ముహూర్తం ఈ రోజే. ఇవాళ ఆయన పెళ్ళిరోజు. భార్యని బోట్ క్లబ్బులో తెల్ల జెట్ బోట్ ఎక్కిస్తానని మాటిచ్చాడు."

"మానుకోమని చెప్పొచ్చు కదా సార్?"

"చెప్పాం. 'ఆ ముక్క మా ఆవిడకి మీరే చెప్పండి' అన్నాడు. ఇక్కడ ఎవరికీ ధైర్యం చాలలేదు."

చీఫ్ ముందుకు వంగాడు. "పొద్దున్నే కాపలావాడొకడు ఆ పడవ స్టార్ట్ చేయబోయాడు. బటన్ నొక్కితే టక్ మందట, అంతే. క్లబ్ మేనేజర్ మెకానిక్ కోసం ఫోన్ చేశాడు. ఆ ఫోన్ మనం ఎత్తాం. ఆ మెకానిక్ నువ్వే. అక్కడ మన మనిషి ఉంది, కోడ్ నేమ్ నెమలి. పైకి రాయబారి సెక్రటరీ. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ మనకి కబుర్లు చేరవేస్తుంది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

గాడ్జెట్ల గదిలో అతనికి నూనె మరకల ఓవరాల్ తొడిగారు, మీసం అతికించారు, చేతిలో పసుపుపచ్చ మల్టీమీటర్ పెట్టారు.

"ఇందులో మైక్ ఉంది, కెమెరా ఉంది, రేడియో ఉంది. దీని చుట్టుపక్కల చీమ చిటుక్కుమన్నా మాకు వినిపిస్తుంది," అన్నాడు గాడ్జెట్లవాడు గర్వంగా.

"వోల్టేజీ చూపిస్తుందా?"

గాడ్జెట్లవాడు బుర్ర గోక్కున్నాడు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. పిడుగు తన పాత టూల్ బాక్స్ అడుగున బావ ఇచ్చిన టెస్ట్ ల్యాంప్ కోసం వెతికాడు. ఒక చిన్న బల్బు, రెండు తీగలు, అంతే. దాని పక్కనే చుట్టి ఉన్న నైలాన్ తాడునూ పైకి తీసి పెట్టుకున్నాడు.

ఆ తాడుకు ఒక కథ ఉంది. జెట్ బోట్ నడిపేవాళ్ళు ఒక చిన్న తాడును ఒంటికి తగిలించుకుంటారు. దాని చివర క్లిప్ స్టార్ట్ బటన్ పక్కన దూరి ఉంటుంది. మనిషి నీళ్ళలో పడితే క్లిప్ ఊడుతుంది, ఇంజను ఆగిపోతుంది. మళ్ళీ క్లిప్ పెట్టేదాకా బటన్ ఎంత నొక్కినా తీగలో చుక్క కరెంటు రాదు. ఒకసారి బావ ఇంజనులో చెయ్యి పెట్టి ఉండగా ఎవడో తెలియక బటన్ నొక్కాడు. బావ ఎడమ చేతికి ఇప్పుడు మూడే వేళ్ళు. ఆనాటి నుంచి ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ పుట్టింది. క్లిప్పుకు పొడవాటి తాడు ముడేసి, వెనక ఇంజను మీద వంగినవాడి నడుముకు కట్టాలి, వాడు ఒక్కసారి వెనక్కి గుంజితే క్లిప్ ఊడిపోయేలా. కట్టకపోతే బావ స్పానర్ విసిరేవాడు. అందుకే పిడుగుకు ఆ అలవాటు ఎముకల్లో ఇంకింది.

*

జెట్టీ మీద పెట్రోలు, తడి తాళ్ళు కలిసిన వాసన వేస్తోంది. తెల్ల పడవ చివరన, టార్పాలిన్ కప్పిన ఇంకో పడవ పక్కన కట్టేసి ఉంది. దీనికి బయట ఫ్యాన్ ఉండదు. ఇంజను తిప్పే పంపు అడుగు నుంచి నీళ్ళు పీల్చి వెనక నుంచి చిమ్ముతుంది, ఆ ఊపుకు పడవ ముందుకు దూకుతుంది. గుంజల వైపు చూడకూడదనుకుంటూనే పిడుగు చూశాడు. డైవర్ ఇరుక్కున్న చోట నీళ్ళు మామూలుగానే ఉన్నాయి. అతని అడుగులు చిన్నవయ్యాయి.

"ఏమయ్యా, పెళ్ళికొడుకులా ఆ నడకేమిటి? త్వరగా కానీ," అన్నాడు మేనేజర్. బలిష్ఠమైన మనిషి, మరక లేని తెల్లబూట్లు. కాపలావాళ్ళందరినీ గేటు దగ్గరకు పంపేశాడు.

అతని వెనకే ఆమె వచ్చింది. నల్ల కళ్ళజోడు, ఆకుపచ్చ సిల్కు స్కార్ఫ్, ఎర్రటి గోళ్ళు. జెట్టీ చెక్కల సందుల్లో హైహీల్స్ దిగబడకుండా ఒక్కో అడుగూ చూసి వేస్తోంది.

"ఇంజనుకి జలుబు చేసిందా మేడం?" అడిగాడు పిడుగు. అది కోడ్.

"తుమ్ముతోంది కానీ పలకట్లేదు," అంది నెమలి. మేనేజర్ అటు తిరగగానే గొంతు తగ్గించింది. "పడవ అంతా నేను వెతికాను, శుభ్రంగా ఉంది. ప్రమాదం ఎదురు మేడ మీద. తుపాకీ గురిపెట్టి కూర్చున్నారు. రాయబారి గారూ వాళ్ళావిడా ఈ జెట్టీ మీద ఎక్కువసేపు నిలబడితే అయిపోయినట్టే. ఎక్కగానే పడవ కదలాలి. నువ్వు ఎంత త్వరగా స్టార్ట్ చేస్తే వాళ్ళకంత మంచిది."

పిడుగు తలెత్తి చూశాడు. నీళ్ళకు అవతల మేడకు బోలెడు కిటికీలు. అన్నీ తన వీపు కేసే చూస్తున్నట్టు అనిపించింది. వీపు మధ్యలో ఒకచోట అదేపనిగా దురద మొదలైంది.

పడవలోకి దిగి ముందు బ్లోయర్ వేశాడు. ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి పేరుకుని ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. "ముందు గాలి, తర్వాత తాళం," అనేవాడు బావ. ఆవిరి పోయేదాకా ఆగి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, క్లిప్ పెట్టి, బటన్ నొక్కాడు.

టక్.

మళ్ళీ నొక్కాడు. టక్. మూడోసారీ అంతే.

టకటకమని కొట్టుకుంటే బ్యాటరీకి ఆకలి. అసలేమీ పలక్కపోతే స్విచ్చి తెగింది. ఒకే ఒక్క టక్ అంటే కరెంటు బయల్దేరింది కానీ దారిలో ఏదో అడ్డం పడింది. ఇది బావ చెప్పిన వైద్యం. ఆ అడ్డం ఎక్కడో వెతకాలి.

మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ నలభై ఏడు వోల్టులని చూపించింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ అది! పిడుగు పళ్ళు కొరుక్కుని, దాన్ని జెట్టీ మీద మేనేజర్ నిలబడ్డ సిమెంటు దిమ్మ దాకా జారేలా గిరాటేశాడు. టెస్ట్ ల్యాంప్ తగిలిస్తే బల్బు తెల్లగా వెలిగింది. బ్యాటరీ మంచిదే. టెర్మినళ్ళు బిగుతుగా, తుప్పు లేకుండా ఉన్నాయి.

తర్వాత స్టార్టర్. కీ ఆఫ్ చేసి, ఒక కొస క్లిప్పుకు ముడేసిన తాడును నడుముకు కట్టుకుని, పెద్ద స్క్రూడ్రైవర్‌ను స్టార్టర్‌కు కరెంటు వదిలే సోలినాయిడ్ స్విచ్చి మీది రెండు లావు బోల్టులకు అడ్డంగా ఆనించాడు. బటన్‌తో పని లేకుండా బ్యాటరీ కరెంటును నేరుగా మోటార్‌కు పంపే పద్ధతి అది. చటుక్కున నిప్పురవ్వ లేచింది. ఇంజను గర్రుమంటూ ఆరోగ్యంగా తిరిగింది.

వెనక నుంచి సన్నటి కేక వినిపించింది. తిరిగి చూస్తే నెమలి సిమెంటు దిమ్మ వెనక గొంతుక్కూర్చుని ఉంది. మేనేజర్ ఆమె వెనక.

"ఏమైంది మేడం?"

"ఏం లేదు. చప్పుడుకి ఉలిక్కిపడ్డాను." ఆమె లేచి స్కార్ఫ్ సర్దుకుంది. తుపాకీ భయం కాబోలు పాపం అనుకున్నాడు పిడుగు.

స్టార్టర్ బాగుంది. ఇంజను బిగుసుకుపోలేదు. పంపులో తాడో నాచో ఇరుక్కోలేదు. ఇక మిగిలింది ఒక్కటే, బటన్ నుంచి సోలినాయిడ్‌కు వచ్చే సన్న తీగ. దాని కొసన బల్బు తగిలించాలి, అక్కడ ముందు సీటు దగ్గర ఎవరైనా బటన్ నొక్కాలి.

"మేడం, ఒక్కసారి వచ్చి ఆ బటన్ నొక్కి పట్టుకుంటారా?"

"నేనా? ఇప్పుడే గోళ్ళరంగు వేసుకున్నాను."

"మేనేజర్ గారూ, మీరు?"

"నాకు నడుం నొప్పి."

బటన్‌కూ నడుముకూ ఏమిటి సంబంధమో పిడుగుకు అర్థం కాలేదు. బావ షెడ్డులో ఇంజను మూత తీస్తే చాలు, దారిన పోయే ప్రతివాడూ నేను నొక్కుతానంటే నేను నొక్కుతానని ఎగబడేవాడు. ఇక్కడేమో ఇద్దరూ దిమ్మ వెనక నుంచి కదలట్లేదు. ఎందుకో తెలియని భయం తెలిసిన భయం కంటే చెడ్డది.

"ఏం బాబూ, ఇంకా కాలేదా?"

గడ్డి టోపీ పెట్టుకుని పెద్దావిడ, రాయబారి భార్య, వచ్చేసింది. వెనకాల చాలా దూరంలో చేతికర్ర పొడుచుకుంటూ రాయబారి. "నెమ్మదిగా నడవవే, కాళ్ళున్నాయా చక్రాలున్నాయా నీకు?" అని అరుస్తున్నాడు.

"మీరు నెమ్మదిగానే రండి. సంతకాలు పెట్టే చేత్తో స్టీరింగ్ పట్టుకుంటారా ఏమిటి? నడిపేది నేనేగా," అని పెద్దావిడ చెంగున పడవలోకి దిగి డ్రైవర్ సీట్లో కూర్చుంది. "బటన్ నొక్కేవాళ్ళు లేరా? నేను నొక్కుతాలే. చెప్పు, ఎప్పుడు?"

పిడుగు ఎదురు మేడ వైపు చూశాడు. "అమ్మా, కొంచెం వంగి కూర్చోండి."

"ఎందుకూ?"

"ఎండ."

ఆవిడ నవ్వి టోపీ కిందికి లాక్కుంది. పిడుగు కీ ఆన్ చేసి, వెనక్కి వెళ్ళి ఇంజను మీద బోర్లా వంగాడు. నడుము నుంచి నైలాన్ తాడు ఆవిడ సీటు పక్కగా క్లిప్ దాకా సాగింది.

"నొక్కండమ్మా."

టక్. బల్బు ఎర్రగా మిణుకుమంది. సగం కరెంటు కూడా రావట్లేదు.

"మళ్ళీ."

టక్. మళ్ళీ అదే ఎరుపు. అయితే అడ్డం ఈ తీగలోనే ఉంది. పిడుగు తీగను వేళ్ళతో తడుముకుంటూ పోయాడు. పాత తీగ, దాని మీద జిడ్డు, దుమ్ము. ఇంజను పక్కన మలుపు తిరిగేచోట వేళ్ళకు కొత్త టేపు తగిలింది. ఇంకా జిగురుగా ఉంది. వేళ్ళతో అటూ ఇటూ నొక్కి, మెలితిప్పి, టేపు ఊడబెరికాడు. లోపల ఒక ముడి. ఆ ముడి నుంచి రెండో తీగ బయల్దేరి పెట్రోలు ట్యాంకు వెనక్కి పోయింది. అక్కడ బూడిదరంగు పెట్టె. ఇంజను గదిలో ఉన్నవన్నీ జిడ్డోడుతుంటే అదొక్కటీ కొత్తగా, శుభ్రంగా ఉంది.

పడవ కింద ఏమీ లేదు. నిజమే. ఉన్నది లోపల.

అతనికి ఒక్కసారిగా అంతా అర్థమైంది, అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది. ఎదురు మేడ మీద తుపాకీ లేదు, ఏమీ లేదు, నెమలి చెప్పింది అబద్ధం. బటన్ నొక్కితే స్టార్టర్‌కు పోయే కరెంటే ఆ పెట్టెకూ పోతుంది. ముడి వదులుగా పడింది కాబట్టి కరెంటు సగంలోనే చచ్చింది. స్టార్టర్ తిరగలేదు, పెట్టె పేలలేదు. తాము పెట్టిన బాంబు పేలాలంటే పడవ బాగుపడాలి! ఆ ముడి మళ్ళీ తమ చేత్తో ముట్టుకునే ధైర్యం లేక ముఠా మెకానిక్‌ను పిలిపించింది. తను మూడుసార్లు నొక్కాడు. పెద్దావిడ రెండుసార్లు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది.

తన చేతిలోని ముడి కేసి చూశాడు. ఇందాక వదులుగా ఉన్న రాగి పోగులు ఇప్పుడు గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి. బిగించింది తన వేళ్ళే.

"మళ్ళీ నొక్కుతున్నా బాబూ," అంది పెద్దావిడ.

వద్దని అరుద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి కూడా రాలేదు. ముడి విప్పుదామంటే వేళ్ళు కొయ్యబారాయి. రాయబారి ఒక కాలు జెట్టీ మీద, ఒక కాలు పడవలో పెట్టి ఉన్నాడు. పెద్దావిడ బొటనవేలు బటన్ మీదికి పోతోంది.

అప్పుడు పిడుగు కాళ్ళు అతన్ని అడక్కుండా ఒక పని చేశాయి. పారిపోయాయి. దేశం గుర్తు లేదు, ఒప్పందం గుర్తు లేదు, పెద్దావిడా గుర్తు లేదు. పడవ వెనక అంచు మీద నుంచి ఎగిరి నీళ్ళలోకి దూకేశాడు.

నడుముకున్న తాడు బిర్రున బిగిసింది. అటు కొసన క్లిప్ టప్పున ఊడి గాల్లోకి ఎగిరింది.

పెద్దావిడ బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. టక్ కూడా లేదు.

నీళ్ళు మింగుతూ పైకి తేలాక అతనికి గొంతు వచ్చింది. "దిగండి! దిగిపోండమ్మా! బాంబు!"

అతికించిన మీసం ముక్కు పక్కనుంచి తేలుతూ పోయింది. పెద్దావిడ ఒక్క క్షణం ఆ మొహం కేసి చూసింది. మొగుణ్ణి రెండు చేతులా తోసి, తానూ జెట్టీ మీదికి దూకి, ఆయన చెయ్యి పట్టుకుని గేటు వైపు పరుగెత్తించింది. మేనేజర్ వాళ్ళకు అడ్డం వచ్చి జేబులోంచి పిస్తోలు తీశాడు.

"పారెయ్ దాన్ని!"

పక్క పడవ మీద కప్పిన టార్పాలిన్ లేచింది. దాని కింద చీఫ్, డిపార్ట్‌మెంట్ మనుషులు. వోల్టేజీ తప్ప అన్నీ తెలిసిన ఆ మల్టీమీటర్ దిమ్మ దగ్గర పడి ఉండి, ఆ కాసేపట్లో ఒక సంభాషణ వినిపించింది. వినగానే వాళ్ళు నీళ్ళ వైపు నుంచి పాకుతూ బయల్దేరి, అప్పుడే ఆ పడవలోకి చేరారు.

'వాడు బాగుచేయగలడంటావా?' అది మేనేజర్ గొంతు.

'చేస్తాడు. భయపడేవాళ్ళు పని శ్రద్ధగా చేస్తారు.' అది నెమలి గొంతు.

నెమలి గేటు వైపు పరుగు తీసింది. అంతసేపూ జాగ్రత్తగా చూసి నడిచిన మనిషి ఆ కంగారులో చూసుకోలేదు. హీల్ చెక్కల సందులో దిగబడి బోర్లా పడింది. చేతులకు బేడీలు వేస్తుంటే కళ్ళజోడు తీసి చీఫ్ కేసి చూసింది.

"మీరిచ్చేదానికి రెండింతలు ఇచ్చారు వాళ్ళు," అంది, చీరల షాపులో బేరం చెప్పినట్టు.

"మా డైవర్‌కి ఎంతిచ్చారు?" అన్నాడు చీఫ్.

విచారణలో సాయంత్రానికి మిగతా సంగతి బయటపడింది. మేనేజర్ చీకట్లో ఆ ముడి వేస్తుండగానే డైవర్ పడవ కిందికి వచ్చాడు. సగం ముడి వదిలేసి మేనేజర్ కత్తి తీసుకుని నీళ్ళలోకి దిగాడు. తర్వాత టేపు చుట్టి ఊరుకున్నాడు. డైవర్ పడవ కింద ఏమీ కనిపెట్టలేకపోయాడు, కానీ ఆ ముడి పూర్తి కాకపోవడానికి కారణం అతనే. ఆ మాట విని పిడుగు జెట్టీ దాకా వెళ్ళి, ఆ రెండు గుంజల వైపు ఈసారి కావాలనే చూశాడు.

*

ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. చీఫ్ తన రిపోర్టులో 'ప్రాణాలకు తెగించి, మెరుపువేగంతో ఆలోచించి, తాడు లాగడానికే నీళ్ళలోకి దూకాడు' అని రాశాడు. పతకం కూడా ఇస్తారట. పిడుగు కాదనలేదు. అవునని మాత్రం అనలేదు.

షికారు బాకీ ఉండిపోయింది కాబట్టి ఆ ఆదివారం పెద్దావిడ మళ్ళీ క్లబ్బుకు వచ్చింది, మొగుణ్ణి వెంటబెట్టుకుని. తెల్ల పడవలో రెండో తీగ లేదు, పెట్టె లేదు. కోసేసిన చోట కొత్త తీగ వేసి పిడుగే టేపు చుట్టాడు. బాగుచేసినవాడే ముందు స్టార్ట్ చేయాలన్నది ఏ జెట్టీ మీదైనా మర్యాద. చీఫ్ అతని భుజం తట్టి, ఎందుకైనా మంచిదని సిమెంటు దిమ్మ దాకా వెళ్ళి నిలబడ్డాడు.

పిడుగు బ్లోయర్ వేసి సీట్లో కూర్చున్నాడు. చెయ్యి బటన్ దాకా పోయి ఆగిపోయింది.

పెద్దావిడ పడవలోకి దిగి పక్కన కూర్చుంది. క్లిప్పుకు ముడేసి ఉన్న నైలాన్ తాడు అందుకుని తన నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేసుకుంది.

"అమ్మా, ఆ తాడు మీకెందుకు?"

ఆవిడ అతని చెవి దగ్గరకు వంగింది. "రిపోర్టు నేనూ చదివాను బాబూ. కానీ నీ మొహం నేను దగ్గర్నుంచి చూశాను కదా. నువ్వు నొక్కు. ఈసారి దూకాల్సొస్తే నేను దూకుతాను."